కుప్పానికి నెలకొక కార్డు

నలభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాకపోవడానికి కారణం మా నాన్న, తాత ఒక మాట మీదికి రాకపోవడం. మాది కుప్పం. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు. ఊళ్లో రెండు బడులూ ఉండేవి. నన్ను తమిళ బడిలో వేయాలని తాత, తెలుగు బడిలో వేయాలని నాన్న. తమ్ముడి విషయంలో తాత మాట నెగ్గింది, వాడు తమిళ బడికి పోయాడు. ఆడపిల్ల సంగతి కదా, తొందరేముందని నా గురించిన వాదన మాత్రం సాగదీశారు. అది తేలేలోపల నేను పెద్దమనిషినయ్యాను. ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది. ఏదో ఒక దాంట్లో పడేసి ఉండకూడదా?

పుంగనూరులో ఇచ్చారు. వచ్చిన వారానికే మా అత్త చెప్పేసింది: "ఆ అరవం మీ ఊర్లోనే పెట్టేసి రామ్మా. రేప్పొద్దున పిల్లోళ్లకి అంటుకుంటాది." అదేదో గజ్జి అయినట్టు. నేనూ నోరు మూసుకున్నాను. ఏళ్లు గడిచేసరికి నా నోట్లో పుంగనూరు మాటే మిగిలింది.

తొంభైలలో మా వీధి బడి వసారాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పారు. అప్పటికి నాకు నలభై దాటింది, కూతురు డిగ్రీ చదువుతోంది. అక్షరాలు రాయడం రాగానే అమ్మకు కార్డు రాశాను. పాఠంలో నేర్పినట్టే, ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు అని. తమ్ముడికి తెలుగు అక్షరాలు రావు కాబట్టి పక్కింట్లో ఉండే రిటైరైన తెలుగు పంతులు చదివి వినిపించాడట. అమ్మకు తెలుగు తెలియక కాదు, కానీ నమ్మలేదు. "ఇది నా బిడ్డ రాసింది కాదు. ఎవురో ఆఫీసోళ్లు పంపినారు" అందట.

రెండో కార్డు అమ్మ మాటల్లోనే రాశాను, నాకు వచ్చిన తెలుగు అక్షరాలతో. ఎప్పిడి ఇరుక్కే, సాప్టియా అని, బాగున్నావా, తిన్నావా అని. పంతులు వాయల్పాడు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, ఆయనకు ఒక్క ముక్క తమిళం రాదు. మంత్రం చదివినట్టు చదివాడట. అమ్మ నవ్వుతుంటే ఆయన, "ఏం రాసిందమ్మా, నాకూ చెప్పు" అని అడిగాడట. అమ్మ చెప్పలేదట. అప్పటినుంచి నెలకొక కార్డు. ఒక నెల ఆలస్యమైతే నాకేదో అయిందని అమ్మ అన్నం మానేసేది.

తర్వాత నేను మదనపల్లెలో కూతురి ఇంటికి చేరాను. మనవరాలిది ఇంగ్లీషు బడి. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని బడివాళ్లు చెప్పారట. నేను "సూడు పాపా" అంటే చాలు, కూతురు వంటింట్లోంచి అరిచేది: "సూడు కాదమ్మా, చూడు! పాపకి అదే వస్తాది." మా అత్త పోయిందనుకున్నాను, ఇక్కడే ఉంది.

ఆ ఏడు నా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పది రోజులు చదవొద్దు, రాయొద్దు అన్నారు. నెల దాటుతోంది, కార్డు పోలేదు.

"ఫోన్ చేస్తాలేమ్మా" అంది కూతురు.

"మీ అవ్వకి ఫోన్లో యాడ వినపడతాది? నేను చెప్తాను, నువ్వు రాయి."

పెన్ను పట్టుకుని కూర్చుంది. నేనొక మాట చెప్పడం, అది తలెత్తి, "దీన్ని ఎట్ల రాసేది? తెలుగులో చెప్పు, బాగా రాస్తాను" అనడం. డిగ్రీ చదివింది! మనవరాలు పక్కన కూర్చుని, "ఎప్పిడి ఇరుక్కే" అని సాగదీసుకుంటూ పకపకా నవ్వుతోంది.

"నవ్వాల్సిన పనేముండాది? రాయవే" అని విసుక్కున్నాను.

కూతురు పెన్ను పక్కన పెట్టింది. "నేనూ కుప్పం నుంచి ఆ మాట నేర్చుకోనొచ్చినాను, ఐదేళ్లప్పుడు. జేజి, అదే మీ అత్త, వింటాదని మూతి మీద ఒకటేసినావు. గుర్తుండాదా? ఇప్పుడు నాకు రాలేదని యాల కసురుకుంటావు?"

గుర్తుంది. కోపం మాత్రం తగ్గలేదు, అది ఎవరి మీదో తెలియకుండా పోయింది.

కూతురు మళ్లీ పెన్ను తీసుకుని గబగబా రాసి, కార్డు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున కూతురు స్నానానికి పోగానే కార్డు తీసి రెండో కంటితో చదివాను. నేను అనుకున్నదే. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు. చించేద్దామని పట్టుకున్నాను. అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో వంకరగా గీసి ఉంది. మనవరాలిని పిలిచి అడిగాను.

"నేనే రాసినాను అవ్వా. ఎప్పిడి ఇరుక్కే."

చించలేదు. కూతురి వరుసలు కొట్టేసి, వాటి సందుల్లో కన్ను నీరు కారుతుండగా నా మాటలు నేనే రాశాను. పిల్ల గీత జోలికి పోలేదు. పంతులు అదెట్లా చదువుతాడో ఆయన తిప్పలు. చెప్పులు వేసుకుని, ఆసుపత్రిలో కట్టిన ఆకుపచ్చ గుడ్డ కంటి మీదికి లాక్కుని, వీధి చివర పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.