వార్తకు ముందు ఒక అబద్ధం

ఇంగ్లండులోని మా లీసెస్టర్‌లో నా తెలుగు వార్తలంటే వేలమంది చెవి కోసుకుంటారు. సరే, వేలు కాదు. నలభైమంది ఉంటారు. అందులో మా ఆవిడ లేదు.

ఇక్కడి వారపత్రిక మూతపడ్డాక ఈ పని నెత్తిన వేసుకున్నాను. చెత్త బిన్నులు ఏ రోజు తీస్తారు, ఏ బస్సు దారి మారింది, కౌన్సిల్ ఏం కూల్చబోతోంది, ఇవన్నీ ఆదివారం చదివి ఫోన్లో రికార్డు చేసి నా పేజీలో పెడతాను. వినేవాళ్లు చాలామంది నాలాగే ఆసుపత్రుల్లో చేసి రిటైరైనవాళ్లు. ఇంగ్లీషు రాక కాదు, మా వీధి సంగతులు ఇంగ్లీషులో రాసేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

నాకో పద్ధతి ఉంది. ముందు పెంచుతాను, తర్వాత దించుతాను. "రేపటి నుంచి మన సర్జరీకి తాళం!" అన్నాను ఆ ఆదివారం. సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ కాదు, మా పేట డాక్టరు కూర్చునే చోటు. కాస్త ఆగి, "అబద్ధం. కానీ మూసేసి ఊరవతలి సర్జరీలో కలపాలని చూస్తున్నారు. గురువారం మీటింగ్. వచ్చి వద్దని చెప్పండి" అన్నాను. మావాళ్లకు ఇది అలవాటే.

నా పేజీ ఉన్న ప్లాట్‌ఫాం ఆ వార్తను తీసేసింది. ఆరోగ్యం గురించి తప్పుడు సమాచారమట. యంత్రం మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేసింది. అప్పీలు చేస్తే ఇంకో యంత్రం రెప్పపాటులో "జాగ్రత్తగా పరిశీలించాం" అంది.

ఇంతలో ఎవరిదో తెలియని పేజీ ఒకటి నా మొదటి ముక్కను ఎత్తుకుపోయింది. పట్టుచీర కట్టిన అమ్మాయి, అదీ మనిషి కాదు, కృత్రిమ మేధ తయారుచేసిన బొమ్మ, తడబడకుండా చదివేసింది: రేపటి నుంచి సర్జరీకి తాళం. దాన్ని ఎవరూ తీయలేదు. నా అబద్ధం మిగిలింది, నిజం పోయింది. ఒళ్లు మండదా?

మా వెనక వీధిలో ఒకావిడ ఉంటుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే నర్సుగా చేసింది. మోకాళ్లు అరిగిపోయాయి. ఈ సర్జరీకైతే కర్ర పట్టుకుని వెళ్లగలదు, ఊరవతలికి వెళ్లలేదు. ఆవిడ బొమ్మ మాట నమ్మి సోమవారం అపాయింట్‌మెంట్ మానేసింది.

"తాళమేసిన చోటికి ఎందుకెళ్తానన్నయ్యగారూ? ఎంత చక్కగా చదివిందండీ ఆ పిల్ల!"

"అది పిల్ల కాదమ్మా, మిషను."

"మీకంటే నయం. ఒక్కసారీ దగ్గలేదు."

ఇలాంటి ప్లాట్‌ఫాంల మీద అజమాయిషీ చేసే నియంత్రణ సంస్థకు ఫోన్ చేశాను. మంత్రితోనే మాట్లాడానని గుడిలో చెప్పాను గానీ, మాట్లాడింది హెల్ప్‌లైన్ అమ్మాయితో. పాపం, మర్యాదస్తురాలే. ఒక్కొక్కరి ఫిర్యాదూ వాళ్లు తీర్చరట, ప్లాట్‌ఫాం మొత్తం తీరు చూస్తారట. గుర్తింపున్న వార్తాసంస్థకైతే కొంత రక్షణ ఉందట. దానికి ఆఫీసు, నియమావళి, ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు కావాలి.

"ఆఫీసు మా వంటింటి బల్ల. ఫిర్యాదులంటారా, మా ఆవిడ తీసుకోదు, చేస్తుంది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పత్రికాస్వేచ్ఛ, భిన్న గొంతులు అని చట్టంలో అంతంత రాసుకున్నవాళ్లకు వంటింట్లో కూర్చుని వార్త చెప్పేవాడు గుర్తు రాలేదు. పోనీ అడిగినవాడికల్లా గుర్తింపు ఇస్తే ఆ పట్టుచీర బొమ్మా వచ్చి వరుసలో నిలబడుతుంది. అదీ నాకు తెలుసు. అందుకే ఇంకా చిరాకు.

బుధవారం యంత్రానికి నచ్చేలా మళ్లీ చదివాను. పెంచలేదు, దించలేదు, దగ్గు కూడా ఆపుకున్నాను. ఈసారి తీయలేదు. సాయంత్రం వెనక వీధి ఆవిడ ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఎవరో మీ గొంతుతో మిషను వార్త పెట్టారండీ. నమ్మొద్దని అందరికీ చెప్పేశాను."

"అమ్మా, అది నేనే!"

"ఇప్పుడు మాట్లాడేది మాత్రం మీరేనని ఏంటి గ్యారంటీ? ఏదీ, ఒక అబద్ధం చెప్పండి."

"నిన్న రాజుగారు మా ఇంటికి పెసరట్టు తినడానికొచ్చారు."

"తర్వాత?"

"రాలేదు. మా ఆవిడ మాడ్చిన అట్టు నేనే తిన్నాను."

"హమ్మయ్య, మీరే! మీటింగ్ ఎన్నింటికి?"

చెప్పాను. ఆపైన ఆవిడ నమ్మొద్దని చెప్పిన ఇళ్లన్నిటికీ ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. ప్రతివాళ్లూ ముందు అబద్ధం అడిగారు. చివరికి నా గొంతూ పోయింది, అబద్ధాలూ అయిపోయాయి.

గురువారం హాలు కిటకిటలాడింది. సరే, ముందు రెండు వరుసలే. పోయిన నా గొంతు ఇంకా తిరిగి రాలేదు. ఆవిడే కర్ర ఊతంగా లేచి, సర్జరీ ఎందుకు ఉండాలో చెప్పింది. నిర్ణయం ఇంకా రాలేదు. ఆ బొమ్మ మాత్రం ఇవాళ్టికీ "రేపటి నుంచి తాళం" అనే చదువుతోంది.