ఎవరూ పోలేదండి

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని మొన్న పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయారని తిరువూరులో అందరూ అంటున్నారట. నాకు తెలిసిన మాస్టారు మాత్రం అవసరమైతే బాగానే ఇబ్బంది పెట్టేవారు.

డెబ్బైల్లో నేను ఎ.కొండూరు వైపు లంబాడీ తండా నుంచి వచ్చి, తిరువూరు హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. పాఠం త్వరగా అయిపోతే మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. అంటే ఇక కథే. ఆ ఏడు ఆస్ట్రేలియా నవల ఒకటి చెప్పారు. ఎడారిలో ఆదివాసుల పిల్లల్ని దొరలు పట్టుకెళ్లి ఎక్కడో దూరాన బళ్లో పెడతారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. ఒక తల్లి అంత దూరమూ నడిచొచ్చి, కంచె దగ్గర కూతుర్ని పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది.

"పాపం, వాళ్లింట్లో ఎవరో పోయుంటారు," అన్నారు మాస్టారు.

ఆ తర్వాతి సంతరోజున మా యాడి, అంటే అమ్మ, బడి గేటు దగ్గరికి వచ్చింది. మాలో ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిస్తే మెడలు పట్టుకుని, పాట కట్టి ఏడుస్తారు. అది మా పలకరింపు. కష్టసుఖాలన్నీ అందులోనే చెప్పుకుంటాం. యాడి గొంతు విని మాస్టారు పరుగున వచ్చారు. "ఎవరమ్మా పోయింది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నాకు సెలవిచ్చి యాడితో పంపేశారు. క్లాసంతా లేచి నిలబడి మౌనం పాటించిందట. తెలుగు అంతంత మాత్రమే వచ్చిన యాడి, నన్ను బళ్లోంచి తీసేశారనుకుంది.

ఎందుకు తీసేశారో అడగడానికి మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరూ పోలేదని తెలిసి హెడ్మాస్టారు మండిపడ్డారు. గేటు దగ్గర మళ్లీ ఏడుపులు వినబడితే నా పేరు కొట్టేస్తానన్నారు. ఆ మాట యాడికి మా భాషలో నేనే చెప్పాల్సి వచ్చింది.

"కన్నకూతుర్ని పట్టుకుని ఏడవకూడదంటే ఇక్కడుండి ఏం నేర్చుకుంటావు? వచ్చే సంతకి తీసుకుపోతా," అంది.

అన్నంత పనీ చేసే మనిషి. నాకేమో చదువంటే ప్రాణం. ఆ వారం అన్నం సయించలేదు.

ఆ వారంలోనే మాస్టారు బెజవాడ నుంచి ప్రొజెక్టరు తెప్పించి, ఆ ఆదివాసుల మీద తీసిన సినిమా వేయించారు. హాలు కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఇంగ్లీషు మాటల్ని ఆయన తెలుగులో చెబుతున్నారు. తెర మీద ఇద్దరు ఆడవాళ్లు ఇసుకలో కూర్చుని, మెడలు పట్టుకుని ఏడుస్తున్నారు. పక్కనున్న దొర విసుగ్గా చూస్తున్నాడు. పిల్లలు నవ్వారు. వాళ్లు ఏళ్ల తర్వాత కలిసిన అక్కచెల్లెళ్లని చెప్పి, మాస్టారు ఆగిపోయారు.

"అమ్మాయ్, మీ అమ్మ ఏడ్చింది ఇందుకేనా?" చీకట్లోనే అడిగారు.

"అవునండి. ఎవరూ పోలేదండి."

"నవల్లో తల్లి కూడా అంతే అయ్యుంటుంది. మీకు తప్పు చెప్పానర్రా. నవ్వకండి. తెలియకపోతే అడగాలి."

ఆ చివరి మాట తర్వాత చాలాసార్లు విన్నాను. ఎక్కువగా తనకు తనే చెప్పుకునేవారు.

సంతరోజు మాస్టారు క్లాసు వదిలి గేటు దగ్గర నిలబడ్డారు. యాడి నా బట్టల కోసం ఖాళీ సంచితో వచ్చింది. హెడ్మాస్టారు వరండాలోంచి కేకేశారు.

"లోపలికి రండి మాస్టారూ. నేను పైకి రాశానంటే మిమ్మల్ని ఎక్కడికో వేస్తారు."

"వేయనివ్వండి సార్. ముందు ఆవిడని ఏడవనివ్వండి."

మరుసటి ఏడు నిజంగానే బదిలీ చేశారు. నా వల్లే అని ఆయన ఒక్కనాడూ అనలేదు. నేను టీచరునై రిటైరయ్యానంటే అది ఆయన చలవే.

ఆ సంతరోజున మాస్టారు గేటు బార్లా తీశారు. యాడి నా మెడ పట్టుకుని ఏడ్చింది. మేక ఈనిందని, తమ్ముడికి జ్వరం తగ్గిందని పాటలోనే చెప్పింది. హెడ్మాస్టారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మాస్టారు మాకు వీపు తిప్పి, రోడ్డు మీద ఆగి చూస్తున్న జనాన్ని "పదండి, పదండి" అని పంపించేస్తున్నారు. ఏడుపు ముగిశాక యాడి నా మొహం తుడిచింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, నన్ను క్లాసు వైపు తోసింది.