ప్రపోజల్ ఫారంలో నేను కొట్టేసిన వరద

2016 వేసవి. మదనపల్లె బస్టాండు వెనక సందులో, జిరాక్సు షాపు మీద ఒక గది నా ఆఫీసు. జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. టమోటా మండీలు, బట్టల కొట్లు, పుంగనూరు దాకా పాలకేంద్రాలు, చాలావాటికి అగ్నిప్రమాద పాలసీలు నేనే రాసేవాణ్ణి. ‘ఆయన దగ్గరికి పో, ప్రీమియం తగ్గిస్తాడు’ అని ఊళ్ళో నాకొక పేరు. ఆ పేరంటే నాకు మహా మురిపెం.

తగ్గించే కిటుకు పెద్దదేం కాదు. పాలసీ కావాలని నింపి ఇచ్చే దరఖాస్తును ప్రపోజల్ ఫారం అంటారు. అప్పట్లో అందులో ఎస్‌టీఎఫ్‌ఐ అని ఒక వరుస ఉండేది. తుపాను, గాలివాన, వరద, నీటి ముంపు, ఈ నాలుగింటికీ కలిపి ఆ పొట్టి పేరు. అది వద్దనుకుంటే ప్రీమియం కొంత దిగుతుంది. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలని సీమలో వరద భయం ఎవరికి? ఫారం చేతికి రాగానే ముందు ఆ వరుస మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఆ తర్వాతే పేరూ ఊరూ అడిగేవాణ్ణి. అలవాటు అంత ముదిరిపోయింది.

ఆ వేసవిలోనే లక్ష్ముమ్మ వచ్చింది. సొంతూరు చౌడేపల్లె. వాళ్ళమ్మ కూలికి పోయి చదివిస్తే ల్యాబ్ టెక్నీషియన్ అయింది. నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం. అక్కడే ఒక అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నారు. భర్త నాగరాజుకు చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. మెట్లెక్కలేడని గ్రౌండ్ ఫ్లోరే తీసుకున్నారు. ఆయన ఇంట్లోనే మోటారు మిషన్ల మీద జాకెట్లకు ఎంబ్రాయిడరీ చేస్తాడు. రెండు కుటుంబాల్లోనూ సొంతిల్లు కొన్నది వాళ్ళే మొదలు. ఆ కొత్త ఊళ్ళో ఎవర్ని నమ్మాలో తెలియక, మన వైపు మనిషినని వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది.

ఫ్లాటు బీమాలో ఒక మెలిక ఉంది. లిఫ్టు, మెట్లు, బయటి గోడల సంగతి సొసైటీ వాళ్ళ పాలసీ చూసుకుంటుంది. తలుపు లోపల ఉన్నవాటికి మనమే వేరే పాలసీ తీసుకోవాలి. అదంతా ఆమెకు ఓపిగ్గా వివరించాను. మిషన్లు, బీరువా, ఫ్రిజ్, అన్నీ కంటెంట్స్ కింద, అంటే ఇంటి సామాన్ల పద్దులో రాయించాను. భలే చెప్పానని నాకు నేనే అనుకున్నాను. గీత మాత్రం అప్పటికే పడిపోయి ఉంది.

ఆమె ఒక్కటే అడిగింది. “అన్నా, ఇల్లు సముద్రానికి దగ్గిర్లోనే ఉండాది. నీళ్ళొస్తే ఇస్తారా?”

“నీళ్ళొస్తే మనోళ్ళు పండగ చేసుకుంటారు కదమ్మా,” అని నవ్వాను. “అన్నీ ఉండాయి. సంతకం పెట్టు.”

ఆమె కూడా నవ్వి సంతకం పెట్టింది. మోసం చేద్దామని చెప్పిన మాట కాదు. ఆ ప్రశ్న నా చెవికెక్కనే లేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ మాట మీదే బతికే నేను ఆ మాట మరిచిపోయాను.

డిసెంబరులో తుపాను వచ్చింది. వాళ్ళ ఇంట్లో రెండు రోజులు మోకాటి లోతు ఉప్పునీళ్ళు నిలిచాయట. నాగరాజును పక్కింటివాళ్ళు భుజాలు పట్టి పై అంతస్తుకు చేర్చారు. మిషన్లను ఎవరు మోస్తారు? అవి నీళ్ళలోనే ఉండిపోయాయి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి చూసి పోయాడు. వారం తర్వాత నాకు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నీటి ముంపుకు రక్షణ తీసుకోలేదు కనుక క్లెయిమ్ చెల్లదని. కింద ఫారం నకలు, దాని మీద నా గీత, నా పొట్టి సంతకం.

రెండు రోజులకు ఆమె మదనపల్లెకు వచ్చింది. పాలసీ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చింది. ఏమైందన్నా అని అడిగి, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

“కంపెనీ వాళ్ళంతే అమ్మా, ఏదో ఒక రూలు చెప్తారు,” అన్నాను. “నీకోసం శానా కొట్లాడినా.”

నేను ఎవరితోనూ కొట్లాడలేదు. ఒక్క ఫోనైనా చేయలేదు.

“అట్లనా అన్నా,” అంది. తెప్పించిన టీ సగంలో వదిలేసి, కవరు మడుచుకుని వెళ్ళిపోయింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. గీత కొట్టడం పరాకు అనుకోవచ్చు. ఈ అబద్ధం మాత్రం తెలిసి ఆడింది. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పుకోలేదు, అంత సిగ్గు.

జనవరి చివర్లో కుప్పం సొంతూరైన ఒకాయన వచ్చాడు. ఆమెతో అదే ఆసుపత్రిలో పనిచేస్తాడు. అదే అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాడట.

“లక్ష్ముమ్మ మీ కాడికే పొమ్మనింది సార్,” అన్నాడు. “నీళ్ళ వరుస మీద గీత పడకుండా మాత్రం దగ్గరుండి సూసుకోమనింది.”

చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆమెకు తెలుసు. ఆయన ఫారం గీత లేకుండా నింపి పంపాను. ఆమె సెలవు మీద చౌడేపల్లెలో అమ్మ దగ్గర ఉందని ఆయనే చెప్పాడు. మర్నాడు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. ఆమె వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

“ఆ గీత నేను కొట్టిందేనమ్మా. నీకోసం కొట్లాడినాననింది కూడా అబద్ధమే,” అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. “తెలుసన్నా. సర్వేయర్ ఇంటికొచ్చిన దినమే ఫారం సూపించినాడు. నీ నోటితో నువ్వే సెప్తావేమోనని ఆ పొద్దు మదనపల్లెకొచ్చినా.”

క్లెయిమ్ కోసం వచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ ఒక్క మాట వినడానికి అంత దూరం బస్సులో వచ్చిన మనిషికి టీ ఇచ్చి అబద్ధం చెప్పి పంపాను. మిషన్ కొనిస్తానన్నాను. వద్దంది. ఒకటి బాగుచేయించారట, ఇంకొకటి అప్పు చేసి కొన్నారట. చదవకుండా సంతకం పెట్టింది తనే కదా అంది. ఆ మాట అననిచ్చి ఊరుకున్నందుకు ఇంకా సిగ్గుపడ్డాను.

మరి ఆయన్ని నా దగ్గరికి ఎందుకు పంపావని అడిగాను.

“ఇంగ ఆ వరుసను నీ అంత జాగ్రత్తగా సూసేటోడు యాడుంటాడన్నా?” అంది.

ఇప్పుడు ఇళ్ళ పాలసీల్లో ఆ రక్షణ కలిసే వస్తోంది. నాలాంటివాళ్ళు గీత కొట్టే వీల్లేదు. అయినా ఫారం మొత్తం చదివి వినిపించందే ఎవరిచేతా సంతకం పెట్టించను. చాదస్తం ముదిరిందని మండీ వాళ్ళు విసుక్కుంటారు, ప్రీమియం తగ్గించే ఏజెంటు అన్న పేరు ఎప్పుడో పోయింది.

తుపాను వచ్చిన మరుసటి వేసవిలోనే పాలసీ రెన్యువల్‌కు లక్ష్ముమ్మ వచ్చింది. ఫారం నా చేతిలోంచి తీసుకుని ఒక్కో వరుసా పైకి చదివింది. ఎస్‌టీఎఫ్‌ఐ దగ్గర వేలు పెట్టి ఆగింది. “దీనికి అర్థం సెప్పన్నా,” అంది. తుపాను, గాలివాన, వరద, నీటి ముంపు అని ఒక్కొక్కటే చెప్పాను. పందొమ్మిదేళ్ళలో ఆ వరుసకు అర్థం ఒక మనిషికి చెప్పడం నాకు అదే మొదటిసారి.