మా నాయనమ్మ తిరగేసిన మొక్కు

నా చిన్నప్పుడు నాకు అంతుపట్టని ప్రశ్న ఒకటుండేది. నిప్పు నోట్లో పెట్టుకున్నా మా నాయనమ్మ నాలుక ఎందుకు కాలదు? మేమప్పుడు విశాఖపట్నం వన్ టౌన్‌లో, హార్బరు గాలి నేరుగా వచ్చి కొట్టే సందులో ఉండేవాళ్లం. మా నాన్నకి పోర్టులో పని. నాయనమ్మది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోపలికి పెట్టుకుని పెదాలు బిగించడం. ఆ గాలికి బయట నిప్పు నిలిచేది కాదు, చేతులేమో ఎప్పుడూ చేపలు కడుగుతూనో పిండి రుబ్బుతూనో ఉండేవి. అందుకని మా వైపు ఆడవాళ్లు కనిపెట్టిన ఉపాయం అది. చుట్ట అలా ఉండగానే ఆవిడ మాట్లాడేది, నన్ను తిట్టేది కూడా. నేను ఎదురుగా కూచుని, ఆ నోరు ఎప్పుడు తెరుస్తుందా, లోపల ఏం జరుగుతోందో చూద్దామా అని కాచుకునేదాన్ని.

ఒకరోజు చూశాను. చూడకపోతే బాగుండేది. అంగిలి మీద తెల్లగా మచ్చ, దాని మధ్యలో పుండు. కాలుతూనే ఉందన్నమాట, కాకపోతే నెమ్మదిగా. అప్పటికే ఆవిడ కారం తినడం మానేసి, అన్నంలో మజ్జిగ పోసుకుని మింగేస్తోంది. మేమెవరం పట్టించుకోలేదు. నేను చెప్పాక నాన్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చుట్ట ఆపితే తగ్గుతుంది, ఆపకపోతే రాచపుండుగా, అదే క్యాన్సర్‌గా మారుతుంది అని డాక్టరు చెప్పేశాడు. అమ్మ ఏడ్చింది. నాయనమ్మ మాత్రం ఇంటికొచ్చి చుట్ట వెలిగించింది. అది లేకపోతే ఆలోచన సాగదట.

ఆలోచించి ఆవిడ చేసిన పని, సింహాచలం అప్పన్నకి మొక్కుకోవడం. "ఈ పుండు తగ్గిందంటే సుట్ట ముట్టను తండ్రీ, నీ కొండ మెట్లెక్కి వొత్తాను" అని పటం ముందు గట్టిగానే చెప్పింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా వైపు మొక్కులన్నీ అలాగే ఉంటాయి మరి, ముందు దేవుడు తన పని చెయ్యాలి, తర్వాత మనం. తమాషా ఏమిటంటే, మొక్కుకున్నాక ఆవిడ ఇంకా ఎక్కువ కాల్చింది. ఎలాగూ మానేసేదే కదా అని.

నాకు మాత్రం అందులో ఏదో తిరకాసు కనిపించింది. పక్కింట్లో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే సాయిబు తాత ఉండేవాడు. ఆ ఏడు రంజాన్ వానల్లో వచ్చింది. మామూలు రోజుల్లో బీడీ ఆరనివ్వని మనిషి, ఉపవాసాల్లో పగలంతా కొలిమి ముందు కూచుని కూడా బీడీ ముట్టేవాడు కాదు, మంచినీళ్లూ తాగేవాడు కాదు. అదీ నాకొక వింతే. వెళ్లి అడిగాను, బీడీ గుర్తుకు రాదా తాతా అని. వస్తూనే ఉంటుందన్నాడు. "ఎప్పటికీ వొద్దంటే నా వొల్ల కాదు బేటీ. పొద్దుగూకే దాకా కాపాడమని అల్లాని అడుగుతాను. అంతే."

అప్పుడు నా మనసులో ఉన్నది బయటపెట్టాను. డాక్టరేమో చుట్ట ఆపితే పుండు తగ్గుతుందంటాడు, నాయనమ్మేమో పుండు తగ్గితే చుట్ట ఆపుతానంటుంది, మరి అప్పన్న ఏం చెయ్యాలి? తాత నవ్వలేదు. చేతిలో గిన్నె పక్కన పెట్టి, గోడ మీంచి మా పెరట్లోకి కేకేశాడు. "అక్కా, ముందు ఉపాసం, ఎనక పండగ. నువ్వేటి ముందే పండగ సేసీమంటన్నావు?"

నాయనమ్మ ఆయన్ని నానా మాటలూ అంది. మా దేవుడి సంగతి నువ్వు చెప్పొచ్చావా అంది. కానీ మర్నాడు పొద్దున్నే స్నానం చేసి పటం ముందు కూచుని, తన మొక్కు తిరగేసింది. పుండు ఊసే ఎత్తలేదు. "దీపాలేళ దాకా నా నోరు కాపు కాయి తండ్రీ, నా వొల్ల అవదు" అంది, అంతే. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. గిన్నెలు ఎగిరాయి, అమ్మ వంటకి వంకలు, నాకు వీపు మీద దెబ్బలు. ఆగలేనప్పుడల్లా లేచి పటం ముందుకి వెళ్లి అదే మాట అనేది.

దీపాల వేళ అయింది. మసీదు నుంచి పిలుపు వినిపించింది. సాయిబు తాత ఖర్జూరం నోట్లో వేసుకుని, నమాజు చేసుకొచ్చి, హాయిగా బీడీ ముట్టించాడు. నాయనమ్మకీ గడువు తీరిపోయింది. బొడ్లోంచి చుట్ట తీసింది, అగ్గిపెట్టె తీసింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆ మచ్చ నా కళ్లముందే ఉంది, ఆవిడ చచ్చిపోతుందేమోనని నాకు భయం. ఆవిడ చుట్టని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బొడ్లో దోపుకుంది. "తెల్లారే దాకా ఇంకోపాలి అడుగుతాను" అని నాతో చెప్పి, దీపం వెలిగించి మళ్లీ కూచుంది.

అలా పూటకోసారి అడుగుతూనే పోయింది. వానలు వెళ్లి చలి వచ్చేనాటికి పుండు మాయమైంది, మచ్చ పలచబడింది. డాక్టరు టార్చి వేసి చూసి ఇంక భయం లేదన్నాడు. సాయిబు తాత మాత్రం బీడీ మానలేదు, నా మాట మీ నాయనమ్మకే పని చేసింది అని నవ్వేవాడు.

నా పెళ్లికి ముందు ఒకసారి ఆవిణ్ణి అడిగాను, ఇంకా చుట్ట మీదకి మనసు పోతుందా అని. ఆ యావ ఎప్పుడో పోయిందంటుందనుకున్నాను. "రోజూ పోతాది. నానేటి మారినాను? అడగడం మాన్నేదు, అంతే" అంది. భక్తి ఉంటే కోరిక చచ్చిపోతుందనుకునే వయసు నాది. ఆ మాట నాకు ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. మా ఆయన పోయాక, నిద్రమాత్ర వేసుకోకపోతే కన్ను మూతపడని రోజులొచ్చాయి. మెల్లమెల్లగా తగ్గించుకోమని డాక్టరన్నాడు. బతికినంతకాలం అది లేకుండా ఎలా అని తలచుకుంటేనే చెయ్యి మాత్రల సీసా మీదకి పోయేది. అందుకని బతికినంతకాలం సంగతి వదిలేసి, ఒక్క రాత్రికి కాపాడమని అప్పన్నని అడిగాను. మర్నాడు ఇంకో రాత్రికి. మాత్రల జోలికి పోయి చాలా కాలమైంది, మనసు మాత్రం అటే చూస్తుంది. ఇవాళ్టికి ఇంకా అడగలేదు. పటం ముందుకి వెళ్లాలి, లేస్తాను.