వంతెన కింద వదులు తీగ

మైపాడు దగ్గర ఉప్పుటేరు వంతెనకు మేం పెట్టిన ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ పొద్దుటి నుంచీ పిచ్చి లెక్కలు చూపిస్తుంటే, ఇవాళ బస్సెక్కి వెళ్లాను. తొడుగు వేసిన సన్నని గాజు తీగలు రెండుంటాయక్కడ. తీగ సాగినా, వేడెక్కినా అందులోంచి తిరిగొచ్చే వెలుగు కాస్త మారుతుంది. ఒక తీగను దూలానికి అతికించాం, దానికి పైన పోయే బండ్ల బరువూ ఎండా రెండూ తగులుతాయి. రెండోది దేనికీ అంటకుండా వదులుగా వేలాడుతుంది, దానికి ఎండ ఒక్కటే తెలుస్తుంది. రెండింటినీ పోల్చి చూస్తేనే బరువెంతో, వేడెంతో విడిగా తేలుతుంది.

చూద్దును కదా, ఆ వదులు తీగను ఎవరో నైలాన్ దారంతో దూలానికి బిగించి కట్టేశారు. కట్టింది వల ముడి. కిందే నీడలో ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు.

"నేనే కట్టినాను సార్. పాపం, ఒంటిగా గాలికి కొట్టుకుంటా ఉండింది. వదులుగా ఏలాడతా ఉంటే మా చెయ్యి ఊరుకోదు" అన్నాడు.

"అది ఒంటిగానే ఉండాలి, అన్నా. దాని పనే అది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

తిన్నానని అబద్ధం చెప్పాను. ముడి విప్పడానికి చాలాసేపే పట్టింది.

లెక్కలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. నెల్లూరులో గదికొచ్చి తాళం తీస్తుంటే తట్టింది, ఈ ఊరొచ్చాక నన్ను అన్నం తిన్నావా అని అడిగింది ఆయనొక్కడే. మీరైతే ఆ ముడి విప్పేవారా?