మరో కంపెనీ పెట్టెలోని ఫిల్టరు

2011 జూన్‌లో నన్ను కామారెడ్డిలోని ఒక కార్ల సర్వీసు కేంద్రానికి వర్క్స్ మేనేజరుగా వేశారు. రిపేరు పూర్తయ్యాక తనిఖీ చేసి సంతకం పెట్టడం, వారంటీ దరఖాస్తుల మీద కంపెనీకి నివేదిక రాయడం నా బాధ్యతలు.

అప్పట్లో మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఒకే డీజిల్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, టర్బో. దాన్నే మూడు నాలుగు కంపెనీలు తమ కార్లలో బిగించి అమ్మేవి. పైమూత మీద పేరు మారేది, కొన్నిటిలో టర్బో సైజు మారేది. లోపలి సామాను చాలావరకు ఒకటే. ఈ సంగతి మాకందరికీ తెలుసు, కస్టమర్ల ముందు మాత్రం అనేవాళ్లం కాదు.

ఆ చలికాలంలో ఎల్లారెడ్డి నుంచి గంగారాం అనే అతని కారును తాడు కట్టి లాక్కొచ్చారు. రోగులను హైదరాబాదు ఆసుపత్రులకు, గల్ఫ్ వెళ్లేవాళ్లను విమానాశ్రయానికి చేర్చే కిరాయి బండి అది. వారంటీ ఇంకా ఉంది. టర్బో ఇరుసు విరిగిపోయింది. ఇంజిన్ పొగ వేగానికి తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని అదిమి పంపేది టర్బో. దాని ఇరుసు నూనె పొర మీదే నిలబడుతుంది. నూనె కాసేపు అందకపోతే చాలు, పాడైపోతుంది.

ఇంజిన్ అడుగున నూనె నిలిచే చాంబరు విప్పించాను. నూనె పీల్చే జాలీ నిండా, చాంబరు అతుకు కారకుండా పూసే పేస్టు ఎండిన ముక్కలు. అంతకు రెండు నెలల ముందు రాయి తగిలి చాంబరు పగిలితే మా వర్క్‌షాపులోనే మార్చారు. అతుకు దగ్గర పేస్టు అవసరానికి మించి పూశారు; అది లోపలికి పొంగి, ఎండి రాలి నూనెకు అడ్డుపడింది. పని బాగుందని సంతకం పెట్టింది నేను.

అదే ఇంజిన్‌లో ఉన్న ఆయిల్ ఫిల్టరు మీద మరో కంపెనీ పేరు కనిపించింది. మధ్యలో ఎల్లారెడ్డిలో యూసుఫ్ దగ్గర మార్పించానని గంగారాం దాచకుండా చెప్పాడు. యూసుఫ్ గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి సొంత షాపు పెట్టుకున్న మెకానిక్. బయటి ఫిల్టరు వాడితే వారంటీ తిరస్కరించవచ్చని నియమం ఉంది. నాకు ఆ దారి దొరికింది. ఫిల్టరు వల్లే నూనె అందలేదని రాశాను. జాలీ ఊసు ఎత్తలేదు. దాన్ని నేనే డీజిల్‌తో కడిగాను.

వారంటీ ఇవ్వలేమన్న కాగితం గంగారాం చదువుకుని, "అంటే యూసుఫ్ అన్ననే ఖరాబు చేసిండా సార్?" అని అడిగాడు. నివేదికలో ఉన్నది అదేనన్నాను.

వారానికి యూసుఫ్ వచ్చాడు. రెండు ఫిల్టర్లు నా బల్ల మీద పెట్టాడు. వాటి మీది పేర్లు థిన్నర్‌తో తుడిచేసి ఉన్నాయి. "ఈ రెండిట్ల మీ కంపెనీది ఏదో, వాండ్లది ఏదో చెప్పుండ్రి సార్," అన్నాడు. తిప్పి తిప్పి చూశాను. చెప్పలేకపోయాను. రూల్ రూలేనన్నాను. అతను జాలీ చూశారా అని అడిగాడు. చూశాను, శుభ్రంగానే ఉందన్నాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఫిల్టర్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

2014లో, రిటైరయ్యే ముందు, ఎల్లారెడ్డి వెళ్లాను. యూసుఫ్ దగ్గర కార్లు లేవు, మోపెడ్లు బాగుచేస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. అతను పని ఆపలేదు.

"నాకు ఎరికే సార్. ఫిల్టర్ మార్చేటప్పుడే చాంబర్ అంచుకు పేస్టు పొంగింది చూసిన. ఇప్పుడు నాకు చెప్తే ఏం ఫాయిదా? గంగారాంకు చెప్పుండ్రి."

గంగారాం కారు ఏనాడో అమ్మేసి, స్కూలు వ్యాను నడుపుతున్నాడు. వాళ్ల ఇంటి ముందు నిలబడే చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. అతను వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"బజార్ల అందరి ముందట తిట్టిన సార్ ఆయనను," అన్నాడు. "వాళ్లమ్మ సచ్చిపోతే గూడ పోలే."

కామారెడ్డి తిరిగి వచ్చి, పాత నివేదిక తప్పని కంపెనీకి లేఖ రాశాను. గడువు దాటిందని ఫైలు మూసేశారు. నా మీద చర్య ఏదీ తీసుకోలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. విప్పినప్పుడు కంటికి కనిపించినదంతా ముందు రాయాలి, నియమం ఏమంటుందో ఆ తరువాత చూడాలి. రాయకుండా వదిలేసినది కూడా మన సంతకం కిందికే వస్తుంది.