సున్నానికి లొంగని మాట

మా చిన్నప్పుడు జోకులన్నీ పత్రికల్లోంచి కత్తిరించి దాచుకునేవాళ్లమని నిన్న ఈ అమ్మమ్మ పోస్టు కింద రాశావు చిట్టీ... తప్పు. మాకు కత్తెరతో పనిలేదు. వంటింటి గోడ ఉండేది.

లాలాగూడ రైల్వే క్వార్టర్సు. ఎవరి మాటకైనా ఇల్లంతా నవ్విందంటే, నాన్న కుంపట్లోంచి చల్లారిన బొగ్గు తీసి ఆ మాటను గోడ మీద రాసేవారు... కింద అన్నవాళ్ల పేరు. గోడ పాడవుతోందని అమ్మ గొణిగేది. తన పేరు ఎక్కిన రోజు మాత్రం గొణగలేదు.

పక్కింటి యాదమ్మత్త ఓసారి చింతపండుకని వచ్చి, "మా ఆయనకు కోపం రాదమ్మా... రానీకి సుత బద్ధకమే" అనేసి వెళ్లింది. ఆవిడ గడప దాటేలోపే నాన్న చేతిలో బొగ్గు.

వెల్లవేసే రోజు పరీక్ష. సున్నం బకెట్టు పక్కన పెట్టుకుని నాన్న ఒక్కో మాటా పైకి చదివేవారు. మళ్లీ నవ్వు వస్తే, గోడ ఆరాక తిరిగి రాయడం. రాకపోతే సున్నం కిందికే... ఎవరిదైనా సరే. నావి చాలా పోయాయి.

ఏ సున్నానికీ లొంగనిది మా చెల్లెలు కమలది. పలచటి పులుసులో గరిటె తిప్పి తిప్పి, ఎనిమిదేళ్ల పిల్ల అంది కదా...

"పులుసులో ముక్కా, దేవుడూ ఒకటేనే అమ్మా. ఉన్నారని నమ్మాలి గానీ, కనపడమంటే ఎలా?"

ప్రతి వెల్లకీ నవ్వాం. తన మాటకి అందరికన్నా ముందు తనే నవ్వేది.

ఆ క్వార్టర్లు కూల్చేశారు. ఆ నవ్విన వాళ్లలో మిగిలింది మేమిద్దరమే. కమల ఇప్పుడు బోయిన్‌పల్లిలో నా దగ్గరే ఉంది. జబ్బు చేశాక మాట పోయింది, మనుషులు గుర్తులేరు. రోజూ పులుసన్నం పెడుతూ ఆ మాటే అంటాను. నోరు తెరుస్తుంది... ముద్ద కోసం. ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. నాకు తెలిసిన సంగతే, ఫీజు తీసుకుని చెప్పాడు.

మొన్న గమనించాను... ఆ మాటకి నాకూ నవ్వు రావడం లేదు.

మీ ఇళ్లలో ఇంకా నవ్వు తెప్పించే మాటలుంటే కింద రాయండి. నేను నవ్వుతానని హామీ మాత్రం లేదు.

చిట్టీ, సోమవారం రంగులవాళ్లు వస్తున్నారు. ఆ మాట వంటింటి గోడ మీద రాసి, మీ చిన్నమ్మమ్మకి ఒక్కసారి చదివి వినిపిస్తాను. ఆ తర్వాత నాన్న చట్టమే. ఆదివారం వచ్చేటప్పుడు మీ వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఒక బొగ్గు ముక్క అడిగి తీసుకురా. కాస్త పెద్దది చూడు, చిన్నదైతే నా పట్టుకి ఆగదు. స్కెచ్ పెన్ను తేకు... రంగు వేసినా కిందనుంచి కనపడుతూనే ఉంటుంది.